పాటలవర్ణపు సిరా

పాఠశాల చరిత్ర అనగానే మనకు భవనాలు, దాతలు, ప్రధానోపాధ్యాయుల వరుస, పరీక్షా ఫలితాలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించి అధికారంతో వ్రాయగల పెద్దలు ఈ సంచికలో ఉన్నారు. నేను ఎన్నుకొన్న విషయం చాలా చిన్నది. ఆ చరిత్ర ఏ ద్రవంతో వ్రాయబడిందో ఆ సిరాను గురించి, అందునా ఒకే ఒక రంగు సిరాను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. అది గులాబి రంగు.

విద్యాలోకంలో సిరా రంగుకు హోదా ఉన్నది. నీలం విద్యార్థిది. ఎరుపు ఉపాధ్యాయునిది. పరీక్ష పత్రంలో విద్యార్థి ఎర్ర సిరా ముట్టరాదన్న నిబంధన తెలియని పూర్వ విద్యార్థి ఉండడు. ప్రభుత్వ కార్యాలయాలలోనూ ఇదే పద్ధతి: కేంద్ర ప్రభుత్వ కార్యాలయ విధాన సంపుటి ప్రకారం సంయుక్త కార్యదర్శి హోదా కలవారు, అంతకు పైవారు మాత్రమే, అదీ అరుదుగా, ఆకుపచ్చ లేక ఎర్ర సిరాను వాడవచ్చును, తక్కినవారందరికీ నీలమో నలుపో. ఈ వ్యవస్థలో గులాబి రంగుకు చోటు లేదు. దానికి అధికారమూ లేదు, నిషేధమూ లేదు. అందుచేతనే అది విద్యార్థులకు ప్రియమైనది. ఎర్ర సిరాలో నీళ్ళు కలిపితే అది ఎరుపు కాకుండా పోతుంది, నీలమూ కాదు. శీర్షికల క్రింద గీతలకు, పుట మొదట వ్రాసే ‘శ్రీ’కారానికి, భూపటాలకు అది చాలును. భూపటాల మాట వచ్చింది కనుక ఒక సంగతి: 1947కు ముందు అచ్చయిన ప్రపంచ పటాలలో బ్రిటిష్ సామ్రాజ్యానికి సాధారణంగా ఇచ్చిన రంగు గులాబియే. వారి రంగు ఎరుపే అయినా, దానిపై నల్లని అక్షరాలలో ఊళ్ళ పేర్లు చదవడానికి వీలుగా ఉండాలని దానిని పలుచన చేశారు. సామ్రాజ్యాలు కూడా ఎర్ర సిరాలో నీళ్ళు కలుపుకొన్నవే!

అయితే ‘సరి అయిన’ గులాబి ఏది? ప్రశ్న కొత్తది కాదు. పూర్వం వీధిబడిలో కంఠస్థం చేయించిన అమరకోశం దీనికి చక్కని వివేకాన్ని అందించింది. ఇంకా స్ఫుటంగా తేలని ఎరుపును ‘అరుణ’మన్నది. తెలుపు కలిసిన ఎరుపును ‘పాటల’మన్నది. ఎర్రతామర కాంతి గలదానిని ‘శోణ’మన్నది. నేడు అంగడిలో ‘పింకు’ అన్న ఒక్క మాటతో సరిపుచ్చుకొనే మనకు అమరసింహుడు మూడు గడులు గీసి ఇచ్చాడు. చీరల అంగళ్ళలో మన ఆడవారి భాష ఇంకా సంపన్నం. ఉల్లిపొర రంగు వేరు, రాణి రంగు వేరు, దానిమ్మగింజ రంగు వేరు, తామరపువ్వు రంగు వేరు. వీటిలో ఒకదానికి మరొకటి ఇచ్చి పంపగల వర్తకుడు చిక్కపేటలో లేడు. ఇక ‘గులాబి’ అన్న మాటను తీసుకొన్నా, పారసీకంలో ‘గుల్’ అంటే పువ్వు, ‘ఆబ్’ అంటే నీరు. పేరులోనే నీళ్ళు కలిసి ఉన్నవన్నమాట. ఉల్లిపొర అన్నాను కదా, మన బెంగళూరుకు ఆ విషయంలో ప్రత్యేక ప్రతిష్ఠ ఉన్నది. బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురం, కోలారు ప్రాంతాలలో, అంటే పొలాల గట్లపై తెలుగు వినిపించే పల్లెలలోనే, పండే ‘బెంగళూరు గులాబి ఉల్లి’కి 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ఉల్లి పైపొరను తెల్లకాగితం మీద పరచి చూస్తే దొరికే రంగును ఏ సిరా తయారీదారూ ఇంతవరకు సీసాలో పెట్టి నాకు చూపలేదు.

పూర్వపు సిరాలకు ఈ సౌకుమార్యం లేదు. దీపపు మసిని జిగురుతో నూరి చేసినది ఒకటి. కరక్కాయ కషాయంలోనో మాచికాయ కషాయంలోనో అన్నభేది కలిపి చేసినది మరొకటి. ఈ రెండవది వ్రాసినప్పుడు పలుచగా ఉండి, గాలి తగిలిన కొద్దీ నల్లబడి, కాగితపు నారలో దిగి నిలిచిపోతుంది. ఎరుపు కావాలంటే లక్క ఉన్నది, ఇంగిలీకం ఉన్నది. ఇంగిలీకం రాయిని పొడిచేసి చేసినది. అంటే అది నీటిలో కరగదు, తేలియాడుతుంది. రెల్లు కలానికి, ముంచి వ్రాసే పాళీకి అది ఇబ్బంది కాదు. కాని 1884లో అమెరికాలో లూయీ వాటర్‌మన్ హక్కుపత్రం పొందిన తరహా ఫౌంటెన్ పెన్నులో, వెంట్రుకంత సన్నని కాలువగుండా సిరా దిగి రావాలి. పొడి అయితే ఆ కాలువ మూసుకొనిపోతుంది. పూర్తిగా కరిగే రంగు కావలసి వచ్చింది. గులాబి సిరా చరిత్రకు అసలు మలుపు ఇక్కడ ఉన్నది.

ఆ రంగులు తారునుండి వచ్చాయి. 1856లో లండనులో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ క్వినైన్ చేయబోయి ఊదారంగు చేశాడు. ఆ దారిని పట్టుకొని 1859లో ఫ్రాన్సు దేశపు లియాన్‌లో వెర్గ్వాన్ మెజెంటా రంగును చేశాడు. 1871లో జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ ఫ్లోరసీన్ అనే పసుపుపచ్చని మెరుపు గల పదార్థాన్ని కనుగొన్నాడు. ఆ దశకంలోనే హైన్రిఖ్ కారో దానికి బ్రోమిన్ చేర్చి ఇయోసిన్ అనే ఎర్రరంగును సాధించాడు. గ్రీకుల ఉషోదేవత ‘ఇయోస్’ పేరు దానికి పెట్టారు. మన అరుణానికి దగ్గరి చుట్టమే. 1887లో సెరెసోల్ రోడమీన్‌ను తయారు చేశాడు. ‘రోడాన్’ అంటే గ్రీకులో గులాబి. వీటిని నీటితో పలుచన చేసి చూస్తే ఒకే ఎరుపు మూడు దారులలో చీలిపోతుంది. ఇయోసిన్ పలుచబడితే కాస్త పసుపుదాయపు గులాబి వస్తుంది. సీసాను ఎండలో పట్టుకొంటే పచ్చని మెరుపు కనిపిస్తుంది. రోడమీన్ పలుచబడితే అచ్చమైన రాణి రంగు. మెజెంటా పలుచబడితే ఊదావైపు వాలుతుంది. కాబట్టి ‘ఎర్ర సిరాలో నీళ్ళు పోస్తే గులాబి సిరా’ అన్నది సగం నిజమే. ఏ ఎరుపు అన్నది ముందు తెలియాలి.

ఇంతటి విజ్ఞానం పరదేశంలో జరుగుతుండగా మన దేశం చేసినదేమిటి? ఇక్కడ మనవారి పేరు గర్వంగా చెప్పుకోవాలి. గాంధీజీ ప్రబోధంతో రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో స్వదేశీ ఫౌంటెన్ పెన్నుల తయారీ ఆరంభించారు. ఆయన పెన్ను కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరగా, దానిని వాడి చూసి, బజారులోని పరదేశపు పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయమేనని మెచ్చుకొంటూ గాంధీజీ 1935లో ఉత్తరం వ్రాశారు. పెన్ను స్వదేశీ అయింది సరే, అందులో పోసేది? అమెరికాలో పార్కర్ సంస్థ ‘క్వింక్’ను విడుదల చేసిన 1931వ సంవత్సరంలోనే బొంబాయిలో దండేకర్ సోదరులు సిరాపొడి, సిరాబిళ్ళల వ్యాపారం మొదలుపెట్టారు. తరువాతి కాలపు కామెల్ సిరా, కామ్లిన్ సంస్థ వారివే. గాంధీజీ సతీశచంద్ర దాసగుప్తాను స్వదేశీ సిరా చేయమని కోరిన ఫలితంగా బెంగాలులో 1934లో ‘సులేఖ’ పుట్టింది.

అయితే చరిత్రకారుడు ఇక్కడ చప్పట్లు కొట్టి ఊరుకోరాదు. సీసా మనది, నీరు మనది, పేరు మనది, కాని అందులో కరిగిన రంగు చాలకాలం మనది కాదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలై జర్మను ఓడలు ఆగిపోగానే రంగుల ధరలు ఆకాశాన్ని అంటడం దీనికి సాక్ష్యం. కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ గుజరాత్‌లో 1947లో నెలకొల్పిన అతుల్ కర్మాగారాన్ని నెహ్రూగారు 1952లో ప్రారంభించారు. కృత్రిమ రంగులు మన గడ్డమీద పెద్దయెత్తున తయారు కావడం ఆ తరువాతి మాట. మన తొలి బ్యాచీల విద్యార్థుల చొక్కాజేబులపై పడిన మరకలలో సగం పరదేశపువే అయి ఉంటాయి!

ఇక బెంగళూరుకు వద్దాం. ఈ రంగులు ఈ నగరానికి సిరాగా కంటె పట్టుకు అద్దే రంగుగా ఎక్కువ పరిచయం. కబ్బన్‌పేట పరిసరాలలో మగ్గాలు ఆడిన రోజులలో, నేతపనివారిలో తెలుగు మాటాడేవారు అనేకులున్నారు. రోడమీన్ వంటి రంగులు పట్టుదారాన్ని వెంటనే పట్టుకొంటాయి. ‘రాణి రంగు’ అని మనం మురిసిపోయే మెరుపు అట్టి రంగులదే. ఈ కుటుంబపు మరో సభ్యుని పాఠశాల పిల్లలు అందరూ ఎరుగుదురు. ఆటస్థలంలో మోకాలు గీచుకొన్నప్పుడు అద్దిన ‘ఎర్రమందు’, అంటే మెర్క్యురోక్రోమ్, ఇయోసిన్‌కు తమ్ముడు వంటిది. ఫ్లోరసీన్‌కు బ్రోమిన్‌తోపాటు పాదరసం చేర్చితే అది వస్తుంది. ఇక ఇయోసిన్‌ను వైద్య ప్రయోగశాలలు ఈనాటికీ వదలలేదు. సూక్ష్మదర్శినిలో శరీరకణజాలాన్ని చూసేటప్పుడు గులాబిరంగుగా కనిపించేదంతా ఇయోసిన్ పట్టిన భాగమే. సిరాబుడ్డిలోని రంగే రోగనిర్ణయానికీ ఆధారమయింది.

రోడమీన్ అదృష్టం అంత మంచిది కాదు. పిల్లలు మారాము చేసి కొనిపించుకొనే పీచుమిఠాయి గులాబి రంగులో ఉండడానికి కొందరు అమ్మకందార్లు దీనినే వాడుతున్నట్లు తేలింది. కర్ణాటక ప్రభుత్వం పరీక్షించిన 25 పీచుమిఠాయి నమూనాలలో 15 సురక్షితం కావని తేలడంతో, 2024 మార్చిలో అందులోనూ గోబీ మంచూరియాలోనూ కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించారు. తల్లిదండ్రులు గమనించవలసిన విషయమిది: వ్రాయడానికి ఎంత చక్కనిదైనా సిరారంగు నోటికి తగినది కాదు. పెన్నుమూతను నోట కరచుకొనే అలవాటు మాన్పించడానికి ఇంతకంటె మంచి కారణం అక్కరలేదు.

సరి అయిన గులాబి కోసం పిల్లలు చేసిన ప్రయోగాలలో ఒకటి తరచు విఫలమయ్యేది. ఎర్ర సిరాలో ఒక చుక్క బ్లూబ్లాక్ పోస్తే ఊదావన్నె గులాబి వస్తుందని ఆశ. వచ్చేది అడుగున మడ్డి, పాళీలో అడ్డు. కారణం చాలా సులభం. ఇయోసిన్ గల ఎర్ర సిరా సాధారణంగా క్షారగుణం కలది, బ్లూబ్లాక్ ఆమ్లగుణం కలది. ఆమ్లం తగలగానే ఇయోసిన్ కరిగి ఉండలేక గడ్డకట్టి దిగిపోతుంది. అందుచేత ఒక పెన్నునుండి మరొక రంగుకు మారేటప్పుడు నీటితో మూడు నాలుగుసార్లు కడగడం అవసరం. పలుచన చేయడానికి బోరునీరు వద్దు. అందులోని లవణాలు ఎండి కాలువలో పేరుకొంటాయి. బెంగళూరుకు కావేరి నీరు 1974 నుండి వస్తున్నా, సగం పేటలు బోరును నమ్ముకొన్నవే. బ్యాటరీలకు పోసే స్వేదనజలం ఒక సీసా కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

రంగు కుదిరినా పాళీ, కాగితం, వెలుతురు అనే ముగ్గురు న్యాయమూర్తులు మిగిలే ఉన్నారు. సన్నపాళీ గీసే గీత మీద లేతగులాబి కనిపించనే కనిపించదు. అదే సిరాను వెడల్పుపాళీతో వ్రాస్తే గీత చివర రంగు చిక్కబడి, నడుమ పలుచబడి, పూరేకువలె ఉంటుంది. ఇక కాగితం. 1936లో స్థాపితమైన భద్రావతి మైసూరు పేపర్ మిల్స్ కాగితంతో తయారైన నోటుపుస్తకాలు మన ప్రాంతంలో తరాలను చదివించాయి. కాగితం పసుపుదాయగా ఉంటే దానిమీద ఇయోసిన్ గులాబి నారింజ అయిపోతుంది, రోడమీన్ గులాబి మాత్రం నిలదొక్కుకొంటుంది. తెల్లదనం కోసం మెరుపుమందు కలిపిన ఇప్పటి కాగితం మీద ఫలితం తారుమారు. అందువల్ల సీసామీది అట్టను చూసి రంగు కొనడం పెళ్ళిచూపుల ఫొటో చూసి నిశ్చయం చేసుకోవడం వంటిది. నా మట్టుకు నేను కాస్త నీలిదాయ గల, చిక్కని పాటలాన్నే ఎన్నుకొంటాను. సాయంకాలం ట్యూబులైటు క్రింద కూడా చదవనిచ్చేది అదొక్కటే. లేత ఉల్లిపొర రంగు అందంగా ఉంటుంది కాని వయసు మళ్ళిన కళ్ళకు అది దయ చూపదు.

ఇంతవరకు అందం సంగతి. ఇక ఆయుర్దాయం సంగతి చెప్పాలి. నిజానికి ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.

ఇయోసిన్ వెలుతురుకు ఓర్వలేదు. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో ఇయోసిన్‌తో చేసిన ఎర్రరంగును ఎంతో ఇష్టంగా వాడాడు. 1890లో ఆయన చిత్రించిన గులాబిరంగు పూలగుత్తి నేడు వాషింగ్టనులోని నేషనల్ గ్యాలరీలో తెల్లని పూలగుత్తిగా ఉన్నది. ఎవరూ చెరపలేదు, వెలుతురే మెల్లమెల్లగా త్రాగివేసింది. నూనెరంగులో బంధించిన ఇయోసిన్ గతి ఇదయితే, నీటిలో కరిగి కాగితం మీద పలుచగా ఆరిన సిరా గతి ఏమిటో ఊహించవచ్చును. దానికి తేమ కూడా శత్రువే. ఒక్క వానచినుకు చాలును.

ఇప్పుడు మన పాత కాగితాలను తలచుకొందాం. విద్యార్థి నీలిసిరాతోనో బ్లూబ్లాక్‌తోనో వ్రాసిన జవాబులో ఇనుము చేరిన భాగం నల్లగా మారి నిలుస్తుంది. ఉపాధ్యాయుడు అంచున ఎర్రసిరాతో వ్రాసిన మాటలు, మార్కుల చుట్టూ గీసిన సున్న, ‘దస్తూరి మెరుగుపడాలి’, ‘బాగు’ వంటి వ్యాఖ్యలు ముందుగా గులాబిగా, ఆ పైని ఉల్లిపొరగా, చివరకు ఖాళీగా మారుతాయి. అనగా ఒక పాఠశాల పత్రాలలో పిల్లల మాట మిగిలి, గురువుల మాట జారిపోతుంది. హోదాలో ఎరుపుది పైచేయి, ఆయుర్దాయంలో నీలిది. ఎర్రసిరా సంతకాలు గల హాజరుపట్టీలు, ప్రగతిపత్రాలు, బహుమతి పుస్తకాల మొదటి పుటలు పూర్వ విద్యార్థుల ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున ఇంకా ఉన్నాయి. పెట్టెలో చీకటిగా ఉన్నంతకాలం అవి క్షేమం. వాటికి అపాయం కలిగేది మనం వాటిని గౌరవించబోయినప్పుడే. జూబిలీ ప్రదర్శనలో గాజుపలక క్రింద, కిటికీ ప్రక్కన, దీపాల వెలుగులో నెలల తరబడి ఉంచితే, డెబ్బయి అయిదేళ్ళు చీకటి కాపాడినదానిని మన ఉత్సాహమే తుడిచివేస్తుంది. ప్రదర్శనకు ఛాయాప్రతిని పెట్టి, మూలాన్ని అట్టపెట్టెలో ఉంచడం మేలు. ఫొటో తీసేటప్పుడు మాత్రం రంగులలోనే తీయాలి. నలుపు తెలుపులలో వెలిసిన గులాబి కాగితంలో కలిసిపోయి కనబడదు.

ఈనాడు రంగులకు కొదవ లేదు. బాల్‌పెన్నుల వరదలో ఫౌంటెన్ పెన్ను మూలబడినా, అభిమానులు దానిని మళ్ళీ పైకి తీశారు. ఎనభైల చివర మూతబడిన సులేఖ 2006లో తిరిగి తెరుచుకొని, 2020లో సిరాను మళ్ళీ తెచ్చింది. కేరళలో పాలక్కాడు ప్రాంతంనుండి కృష్ణా సిరాలు వస్తున్నాయి. 2007లో జపాను పైలట్ సంస్థ ప్రారంభించిన సిరాల వరుసలో ‘కొసుమొసు’, ‘త్సుత్సుజి’ అనే రెండు పూలపేర్ల గులాబులు వచ్చాయి. వాటికి అభిమానులు మెండు, ధరా మెండే. ఇవన్నీ కరిగే రంగులే కనుక వెలుతురుకు లొంగుతాయి. మన్నిక కావాలన్నవారికి మరొక జాతి ఉన్నది: కరగని పొడిని పెన్నుకాలువలో ఇరుక్కోనంత సూక్ష్మంగా నూరి నీటిలో తేలించినవి. జపానుకు చెందిన ప్లాటినం సంస్థవారి ‘రోజ్ రెడ్’ అటువంటిది. ప్లాటినం జూబిలీకి ప్లాటినం సిరా అని ఎవరైనా చమత్కరిస్తే నా బాధ్యత లేదు. ఇంగిలీకాన్ని నూరిన పాతపద్ధతికే ఇది తిరిగి రావడం. పెన్నులో ఎండనిస్తే మాత్రం అది గట్టిపడి పెన్నునే పాడు చేస్తుంది. వారానికి ఒకసారైనా వ్రాసేవారికే అది తగును.

పేర్లలో జపానువారు తమ పూలను పెట్టుకొన్నారు. మనకూ పూలు లేకపోలేదు. 1908 నుండి 1932 వరకు లాల్‌బాగ్ బాధ్యత వహించిన జర్మను తోటశాస్త్రజ్ఞుడు క్రుంబీగల్, ఒక చెట్టు పూత ముగిసేసరికి మరొకటి పూసేటట్లు నగరవీధులలో చెట్ల వరుస కూర్చాడు. ఎనభైలలో అటవీ అధికారి నేగినహాళ్ గారి హయాంలో లక్షలాది మొక్కలు నాటారు. చలికాలం ముగిసే రోజులలో ఆకులన్నీ రాల్చి ఒక్కసారిగా పూసే టబెబుయా రోజియా మధ్య అమెరికానుండి వచ్చినా, ఇప్పుడు బెంగళూరు బిడ్డే. చెట్టుపై చూస్తే పాటలం, నేల రాలినాక ఉల్లిపొర. ఒక రాలిన పువ్వును కాగితంపై ఉంచి, పక్కన సిరాతో గీతలు గీచి సరిపోల్చడం పిల్లలకు మంచి పాఠం అవుతుంది. అయితే మధ్యాహ్నానికల్లా పువ్వు రంగు మారిపోతుంది కనుక ఉదయపు ప్రార్థన ముగియగానే చేయాలి.

చివరగా, తమ సిరా ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకొనగోరేవారికి ఒక పద్ధతి. వాడే కాగితం మీద వాడే పాళీతో పది పంక్తులు వ్రాసి, క్రింద తేదీ వేయాలి. సగభాగాన్ని నల్లని అట్టతో కప్పి, దక్షిణపు కిటికీ అద్దానికి అంటించాలి. జనవరిలో పెడితే వేసవి సెలవులకు ముందు అట్ట తీసి చూడవచ్చును. ఇయోసిన్ గులాబి అయితే అప్పటికే అట్ట అంచు ఎక్కడ ఉండినదో గీతలే చెబుతాయి.